అడుగు మూత

ఆదోనిలో లాప్‌టాప్ అడుగు మూత తీస్తే మొదట కనబడేది దూది. మదర్‌బోర్డూ బ్యాటరీ ఆ తర్వాత. ఫ్యాను పక్కన, గాలి బయటికి పోయే దారిలో, బూడిదరంగు నూగు దట్టంగా అల్లుకుని ఉంటుంది. గోటితో ఒక కొస పట్టుకు లాగితే మొత్తం ఒకే పొరగా ఊడి చేతికొస్తుంది. మామూలు దుమ్మయితే రాలిపోతుంది, ఇది రాలదు. ఊరు అలాంటిది మరి. అక్టోబరు మొదలు సంక్రాంతి దాటేదాకా చుట్టుపక్కల మండలాల పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు వస్తూనే ఉంటుంది. వేలం అయ్యాక సరుకు జిన్నింగ్ ఫ్యాక్టరీలకు పోతుంది. అక్కడ గింజ ఒకవైపు, దూది ఒకవైపు. ఈ రెంటిలోనూ చేరని మూడోది ఒకటుంది, గాల్లోకి లేచే నూగు. దానికి కాటా లేదు, ధర లేదు, కొనేవాడు లేడు. ఎవరింట్లో ఫ్యాను తిరిగితే ఆ ఇంటికి పోతుంది. లాప్‌టాప్‌లోనూ ఫ్యానుంది కదా.

ఆ ఫ్యాను చేసే పని చిన్నదే గానీ తెలివైనది. ప్రాసెసర్ మీద ఒక రాగి పలక ఆనుకుని ఉంటుంది. దాన్నుంచి ఒక చదును గొట్టం బయలుదేరి, చివర పలచని రేకుల వరసలో కలుస్తుంది. గొట్టం లోపల కాస్తంత ద్రవం ఉంటుంది. వేడి కొసలో అది ఆవిరవుతుంది, చల్లని కొసకు పోయి మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చి, రేకుల సందుల్లోంచి బయటికి తోస్తుంది. నూగు సరిగ్గా ఫ్యానుకూ రేకులకూ మధ్య ఆగిపోతుంది. బయటి నుంచి చూస్తే రేకులు శుభ్రంగానే కనబడతాయి, తెర మాత్రం లోపలి వైపు. అందుకే మా వాళ్ళు పక్క సందులోంచి నోటితోనో, బండ్ల షెడ్డులో గాలి గొట్టంతోనో ఊదిస్తే పని జరగదు. అటువైపు నుంచి తోసిన గాలికి నూగు ఇంకాస్త లోపలికి పోయి కూర్చుంటుంది. పైగా గట్టిగా గాలి కొడితే ఫ్యాను దాని శక్తికి మించి గిర్రున తిరిగి బేరింగు అరిగిపోతుంది. ఊదక తప్పదనుకుంటే రెక్కల్ని ఒక పుల్లతో కదలకుండా పట్టుకుని ఊదాలి.

వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు హద్దు. బయట గాలే 40 డిగ్రీలుండే మా ఏప్రిల్‌లో ఆ హద్దు చేరుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకు ఇదేం తెలుస్తుంది? ‘వైరస్ పట్టింది’ అంటారు. ఫార్మాట్ కొట్టిస్తారు, విండోస్ మళ్ళీ వేయిస్తారు, ఉన్న ఫొటోలు పోగొట్టుకుంటారు. అన్నీ అయ్యాక కూడా మూతకింద నూగు ఎక్కడిదక్కడే. మా బజారులో రిపేరు అంగడి పెట్టుకున్న భాయ్ ఒకాయన నవ్వుతూ అనే మాట ఇది: “సార్, వాళ్ళు వైరస్ అని తెస్తారు, నేను దూది తీసి పంపిస్తా.”

నేను మెకానిక్‌ను కాను. పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాణ్ణి. కానీ ఆ అంగట్లో బల్ల పక్కన స్టూలు మీద కూర్చోవడం నాకు అలవాటయింది. అక్కడ కూర్చుని గమనించిన సంగతి ఒకటుంది. ఈ వ్యాసం రాయడం కూడా దాని గురించే.

మా వైపు జనానికి యంత్రం విప్పడమంటే భయం లేదు. బోరు మోటారు కాలిపోతే నలుగురు కలిసి పైపులతో సహా పైకి లాగుతారు, విప్పి రివైండింగుకు వేస్తారు. కూలరు పంపు, మిక్సీ బ్రష్షులు, మోటారు సైకిలు కార్బొరేటర్, ఇవన్నీ ఇంటి అరుగు మీదే జరిగే పనులు. జిన్నింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు పెద్దగా చదువుకోకపోవచ్చు, రోలరు చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెబుతాడు. అలాంటి ఇంట్లోనే లాప్‌టాప్ మూలబడితే ఒక్కడు ముందుకు రాడు. ‘వద్దప్పా, అది మనకు తెల్దు’ అని గుడ్డ కప్పి బీరువా మీద పెట్టేస్తారు. మోటారులో 415 వోల్టుల త్రీఫేజు కరెంటుతో చెలగాటమాడేవాడు, 19 వోల్టుల లాప్‌టాప్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇదేం భయం? ఎక్కడిది?

ఎమ్మిగనూరులో మా మామ మగ్గం నేసినాయన. ఆయన గదిలో మగ్గాన్ని చూస్తే నా ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మగ్గంలో దాచిపెట్టిందేమీ లేదు. నాడె ఎటు పోయి ఎటు వస్తుందో కంటికి కనబడుతుంది. ఏ తాడు ఏ పలకను లాగుతుందో చూస్తే చాలు. పోగు తెగితే తెగిన చోటు తెలుస్తుంది, ముడి వేస్తారు. చెక్క అరిగితే వడ్రంగి వస్తాడు, అదే కొలతకు కొత్తది చెక్కిస్తారు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు నూలు ఇవ్వడం, నేసిన గుడ్డకు అమ్మకం చూపించడం సంఘం తలకెత్తుకుంది. నాకు ముఖ్యంగా తోచేది, మగ్గం బాగుచేయడానికి సంఘం బయటి నుంచి ఎవర్నీ పిలిపించాల్సిన అవసరం రాకపోవడం. ఆ విద్య నేత నేర్చుకోవడంలోనే కలిసి ఉంది. నేయడం తెలిసినవాడికి మగ్గం విప్పడం తెలియకుండా ఉండదు.

లాప్‌టాప్‌తో ఆ రెండూ విడిపోయాయి. వాడడం ఒకరిది, విప్పడం ఇంకొకరిది. విడిపోవడంలో కొంత సహజమే. కంటికి కనబడని పోగులు కోట్లలో ఉన్న వస్తువు అది, మా మామ చూసి చెప్పగలిగేది కాదు. మిగిలిన కొంత మాత్రం కావాలని చేసింది. స్క్రూ మీద అంటించిన చిన్న స్టిక్కరు, ‘చించితే వారంటీ పోతుంది’ అని. అమెరికాలో 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు ఇలాంటి షరతుల మీదే హెచ్చరిక లేఖలు పంపింది, వారంటీని ఇలా ముడిపెట్టడం చట్టానికి విరుద్ధం కావచ్చని. ఆ కబురు ఇక్కడికి రాలేదు, స్టిక్కరు మాత్రం వచ్చింది. దానికి తోడు సన్నదనం మోజు, అది అంతకుముందే మొదలైంది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితపు కవరులోంచి మాక్‌బుక్ ఎయిర్‌ను తీసి చూపించాడు. చప్పట్లు మోగాయి. దాంట్లో ర్యామ్‌ను బోర్డుకు టంకం వేసేశారని, తర్వాత పెంచుకునే వీలు లేదని ఆ చప్పట్లలో ఎంతమంది పట్టించుకుని ఉంటారు? 2012లో రెటినా మాక్‌బుక్ ప్రో వచ్చేసరికి బ్యాటరీని కూడా జిగురుతో అంటించారు. ఆ దారినే మిగతా కంపెనీలూ నడిచాయి.

అంగట్లో కూర్చుని నేను చూసిన వింత ఇక్కడుంది. బెంగళూరులో, హైదరాబాదులో పెద్ద ఆఫీసులు కొన్నేళ్ళు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో మా ఊళ్ళకు వస్తాయి. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ పేర్లతో ఉండేవి. నల్లగా, కాస్త బరువుగా, చూడ్డానికి ఏ అందమూ లేకుండా ఉంటాయి. వాటిని బోర్లించి మామూలు స్టార్ స్క్రూలు కొన్ని తీస్తే అడుగంతా ఊడి వస్తుంది. కొన్నింట్లో స్క్రూలు పూర్తిగా ఊడి పడిపోకుండా మూతకే పట్టుకుని ఉంటాయి, పోగొట్టుకుంటామనే బెంగ లేదు. ఏ భాగాన్ని ఏ వరసలో తీయాలో బొమ్మలతో సహా చెప్పే సర్వీసు మాన్యువల్‌ను కంపెనీయే అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఎందుకంటే ఆఫీసు కొనేది వందల్లో, వాళ్ళకు సొంత టెక్నీషియన్లు ఉంటారు, విప్పలేని వస్తువును వాళ్ళు కొనరు. అదే కంపెనీ ఒక రైతు అప్పు తెచ్చి ఇంజనీరింగు కొడుక్కి కొనిచ్చే చవక లాప్‌టాప్‌లో ర్యామ్‌ను టంకం వేస్తుంది, అన్నిటికంటే చవకైన వాటిలోనైతే డిస్కును కూడా. కొన్నింటికి స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద దాచి ఉంటాయి. విప్పితే ఆ రబ్బరు మళ్ళీ సరిగా అంటుకోదు. అంటే, పాడయితే మార్చుకునే స్తోమత ఉన్నవాడికి విప్పగలిగే యంత్రం, ఒక్కదాంతోనే నాలుగేళ్ళూ గడుపుకోవాల్సినవాడికి విప్పలేని యంత్రం. దీన్ని నేను ఇంజనీరింగు అననుగాక అనను.

అందుకే ఎవరైనా పిల్లవాడికి ఏది కొనమంటారని అడిగితే, పెట్టెలోంచి తీసిన కొత్త చవక లాప్‌టాప్ కంటే పాత ఆఫీసు లాప్‌టాప్ కొనమంటాను. తల్లిదండ్రులకు ఈ సలహా నచ్చదు. ‘సెకండ్‌హ్యాండ్ పెట్టి పంపినారని హాస్టల్లో నవ్వుతారు సార్’ అంటారు. ఆ నవ్వు మొదటి ఏడే, మూడో ఏడు నవ్వేది ఎవరో చూద్దామంటాను.

2020 లాక్‌డౌన్‌లో ఈ సంగతులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. బెంగళూరు, హైదరాబాదుల్లో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు లాప్‌టాప్ సంచులతో ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్ళకు చేరారు. ఏసీ గదుల్లో బతికిన యంత్రాలు మిద్దె గదుల్లోకి, పరుపుల మీదికి వచ్చాయి. పరుపు మీద పెడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయన్నది వాళ్ళకు అప్పటిదాకా అవసరం పడని విషయం. పగలు కరెంటు పోతే బ్యాటరీ, వస్తే ఛార్జరు, మధ్యలో వోల్టేజి ఎగుడుదిగుళ్ళు. అప్పుడు అంగడి భాయ్‌కు కొత్త ఖాతాదారులు పుట్టారు. ఇంట్లో ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లల దగ్గర పాత లాప్‌టాప్‌లు, వాటికి కొత్త ప్రాణం పోయమని గొడవ.

ఎమ్మిగనూరులో జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర. బంధువులంతా వస్తారు. బావమరుదుల పిల్లలు మెల్లగా ఒక్కొక్కరూ సంచిలోంచి లాప్‌టాప్ తీసి ‘మామా, ఇది చూడవా’ అంటారు. జాతర అయ్యేలోగా వసారాలో చాప మీద ఒక చిన్న అంగడి పెట్టినట్టవుతుంది. విప్పే పద్ధతి ఇక్కడ కొంచెం తాపీగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఫైళ్ళను వేరే చోట దాచుకోవాలి. స్క్రూ డ్రైవరు పట్టుకోకముందే చేయాల్సిన పని అది. విండోస్‌లో డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోవాలి. బోర్డు మార్చినా, డిస్కును ఇంకో లాప్‌టాప్‌కు తగిలించినా అది అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే దొరకదు. తర్వాత స్లీపులో పెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ఛార్జరు పీకాలి. బోర్లించి, మెత్తని గుడ్డ మీద పెట్టాలి. స్క్రూలు చూడ్డానికి ఒకే రకంగా ఉంటాయి, ఉండవు. కీళ్ళ దగ్గరివి పొడుగు, ముందువైపువి పొట్టి. పొట్టి చోట పొడుగు స్క్రూ వేసి బిగిస్తే అది పై పలకను లోపల్నుంచి పొడిచి కీబోర్డు పక్కన బొడిపె లేపుతుంది, ఒక్కోసారి బోర్డునే గుచ్చుతుంది. అందుకని నేను అత్తమ్మ దగ్గర ఇడ్లీ రేకు అడుగుతాను. లాప్‌టాప్ ఏ మూల స్క్రూ రేకులో ఆ మూల గుంతలో. ఆమె పండగపూట ఇడ్లీ రేకులో ఇనుప ముక్కలేమిటని విసుక్కుంటూనే ఇస్తుంది.

మొదటిసారి ఆ రేకును చూసి మా మామ కుర్చీలోంచి ముందుకు వంగాడు. “వరసా అల్లుడా?” అన్నాడు. అవునన్నాను. “వరస తప్పితే అంతే. విప్పేటప్పుడే బిగించేది చూసుకోవల్ల.” అచ్చు అతకడం తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలుపుతారు. వేల పోగులు, ఒకటి పక్కదానితో కలిసిందంటే గుడ్డ పొడుగునా ఆ తప్పు కనబడుతూనే ఉంటుంది. స్క్రూలు ఇరవైలోపే. ఆయన లెక్కలో అది పనే కాదు.

స్క్రూలన్నీ తీశాక మూత వెంటనే రాదు. చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ఇక్కడ ఇనుప స్క్రూ డ్రైవరు దూర్చినవాడు అంచు చెక్కేసుకుంటాడు. గడువు తీరిన ఏటీఎం కార్డు చాలు. ఒక సందులో దూర్చి చుట్టూ నెమ్మదిగా జరిపితే టక్ టక్‌మని ఒక్కో కొక్కెం వదులుతుంది. ఆ చప్పుడుకు పిల్లలు ‘విరిగిపోయింది’ అని కేక వేస్తారు, విరగలేదు. ఎక్కడైనా మరీ మొండికేస్తే బలం పెట్టకూడదు, ఒక స్క్రూ మర్చిపోయామని అర్థం. స్టిక్కరు కింద, రబ్బరు కాలు కింద వెతకాలి.

మూత తీయగానే చేయి పోవాల్సింది బ్యాటరీ కనెక్టరు మీదికి. దాన్ని ఊడదీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది. ఇది చేయకుండా ర్యామ్ ముట్టుకున్నవాళ్ళు చాలామంది అదృష్టం కొద్దీ బయటపడతారు, కొందరు పడరు. మా వైపు చలికాలం గాలి పొడిగా ఉంటుంది, పాలిస్టరు చొక్కా తీసేటప్పుడు చిటపటలాడే స్థిర విద్యుత్తు చిప్పులకు పడదు. చాప మీంచి లేచి, ముందుగా ఏ కిటికీ ఊచనో ముట్టుకుని వచ్చి కూర్చోవడం మంచిది. ఇక రిబ్బన్ కేబుళ్ళు. పసుపురంగులోనో తెల్లగానో చదునుగా ఉండేవి. కొన్ని నేరుగా లాగితే వస్తాయి, చాలావాటికి సన్నని తలుపులాంటి లాక్ ఉంటుంది. గోటితో ఆ లాక్ పైకెత్తాలి, అప్పుడు కేబులు దానంతటదే వస్తుంది. లాక్ తీయకుండా లాగితే కేబులే కాదు, బోర్డు మీది కనెక్టరు కూడా ఊడిరావచ్చు. దాన్ని మళ్ళీ అతకడం వసారాలో అయ్యే పని కాదు.

ర్యామ్ మార్చడం అన్నిటికంటే తేలిక. రెండు పక్కలా ఉన్న క్లిప్పులను బయటికి జరిపితే ముక్క వాలుగా పైకి లేస్తుంది. కొత్తది అదే వాలులో దూర్చి కిందికి నొక్కితే క్లిప్పు పడుతుంది. తేడా అంతా కొనేచోట. డీడీఆర్3 ముక్కకు గాడి ఒకచోట, డీడీఆర్4 ముక్కకు ఇంకోచోట, ఒకదాని గాట్లో మరొకటి దిగదు. డీడీఆర్3లోనే 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులది ఒకటి. చూపుకు కవలలు. తక్కువ వోల్టు అడిగే లాప్‌టాప్‌లో ఎక్కువ వోల్టుది వేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, పిల్లవాడి ముఖం కూడా. పాత ముక్క మీది స్టిక్కరును ఫోనుతో ఫొటో తీసుకుని అంగడికి పోతే ఈ తంటా ఉండదు.

కానీ నిజంగా పాత లాప్‌టాప్‌ను మార్చేసేది డిస్కు. పాతవాటిలో నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. పళ్ళెం తిరుగుతూ ఉండాలి, ముల్లు సరైన చోటికి పోవాలి, అప్పుడు ఫైలు. దాని స్థానంలో కదిలే భాగమే లేని ఎస్ఎస్‌డీ పెడితే, ఆన్ చేసి టీ తాగి వచ్చే అలవాటు ఉన్నవాళ్ళకు టీ మానుకోవాల్సి వస్తుంది. అదే కీబోర్డు, అదే స్క్రీన్, అదే ప్రాసెసర్. ఇంతకాలం నెమ్మది అని తిట్టింది ఎవర్నో అర్థమవుతుంది. డీవీడీ డ్రైవు ఉన్న పాత మోడలయితే దాన్ని తీసేసి, ఆ ఖాళీలో ఒక చట్రంతో పాత హార్డ్ డిస్కును కూడా ఉంచుకోవచ్చు.

విడి భాగాలు మా ఊళ్ళలో అన్నీ దొరకవు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో బస్సు పార్సిల్లో రావాలి. కీలు, స్క్రీన్, కీబోర్డు లాంటివైతే అంగడి వెనక గదిలో చనిపోయిన లాప్‌టాప్‌ల దొంతర ఉంటుంది, అందులోంచి. ఒకదాంట్లోది పీకి ఇంకోదానికి వేయడం ఆదోనికి కొత్తేమీ కాదు. 1786లో టిప్పు సుల్తాన్ మా కోటను పట్టుకుని గోడలు పడగొట్టించి, ఫిరంగుల్ని గుత్తికి తరలించుకుపోయాడు. భాయ్‌కి ఈ సంగతి చెబితే, “మంచి మెకానిక్కే సార్, కానీ బిగించకుండా పోయినాడు” అన్నాడు.

విప్పరానివి ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. టచ్‌ప్యాడ్ పైకి తేలినా, నొక్కితే పడకపోయినా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగు ఆపేయాలి. ఏటీఎం కార్డు దూర్చడానికి అది సమయం కాదు. లిథియం బ్యాటరీ పొర చిరిగితే మంట, పొగ. దాన్ని తెలిసినవాడి చేతికే ఇవ్వాలి. ఛార్జరు పెట్టెను కూడా పగలగొట్టవద్దు, దాంట్లో కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా కరెంటు పట్టి ఉంచుకుంటాయి. టీ ఒలికితే వెంటనే ఆఫ్ చేసి, తలకిందులు చేసి, ఆన్ చేసి చూద్దామన్న కోరికను చంపుకుని అంగడికి పోవాలి. టీ కంటే ఆ ‘ఒకసారి చూద్దాం’ వల్ల పోయిన బోర్డులే ఎక్కువని భాయ్ లెక్క.

అన్ని అంగళ్ళూ ఒకటి కాదు. ‘బోర్డు పోయింది’ అనే మాట మా వైపు చాలా తేలిగ్గా దొర్లుతుంది. బోర్డు మొత్తం పోవడం అరుదు. ఆవగింజంత కెపాసిటరు ఒకటి షార్టయినా లాప్‌టాప్ ఉలకదు పలకదు. దాన్ని మీటరుతో వెతికి, వేడిగాలితో ఊడదీసి, కొత్తది వేయగలవాళ్ళు ఇప్పుడు చిన్న ఊళ్ళలోనూ తయారయ్యారు. కానీ వెతకడానికి ఓపిక కావాలి, బోర్డు మార్చేస్తే అంత ఓపిక అక్కర్లేదు, డబ్బూ ఎక్కువ. ఖాతాదారుకు లోపల ఏముందో తెలియదు కాబట్టి అడగడు. మోటారు రివైండింగు దగ్గర ఇలా జరగదు. కాలిన రాగి తీగను మెకానిక్ రైతు ఎదురుగానే కాటా వేసి లెక్కలో తగ్గిస్తాడు, తగ్గించకపోతే రైతు ఊరుకోడు. రాగి విలువ రైతుకు తెలుసు. ర్యామ్ ముక్క విలువ తెలియని చోట అదే రైతు నోరు లేనివాడవుతున్నాడు. భయం ఎవరికి లాభమో ఇక్కడ చూడొచ్చు. కంపెనీకి ఒకరకంగా, బద్ధకపు అంగడికి ఇంకోరకంగా.

ప్రభుత్వాలు కదలలేదని కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకునే హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, ఒక పోర్టల్ తెరిచింది. మొబైళ్ళు, ఎలక్ట్రానిక్స్, వాహనాలతో పాటు వ్యవసాయ పనిముట్లను కూడా అందులో చేర్చారు, అది మెచ్చుకోవాలి. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ అమ్మేచోట ధర పక్కనే, దాన్ని బాగుచేసుకోవడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి చూపించాలి. అలాంటి చీటీ ఆదోని అంగట్లో కూడా ఉంటే, పైన చెప్పిన రైతుకు నా సలహా అక్కర్లేదు, కంటితో చూసి కొంటాడు. పోర్టల్ మంచిదే, దానిలోకి పోయి చదువుకోగలిగేవాడికి. చీటీ అందరికీ.

ఈలోగా ఇంకో తోపుడు వచ్చింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరు నుంచే. ఎస్ఎస్‌డీ వేసుకుని చక్కగా పరుగెడుతున్న యంత్రాలు ఆ గీతకు ఇవతల ఆగిపోయాయి. వాటిలో లైనక్స్ వేసుకోవచ్చు, మింటో ఉబుంటూనో. తెలుగు టైపింగ్, బ్రౌజరు, రాతపని, పిల్లలకు పైథాన్ నేర్చుకోవడం, అన్నీ నడుస్తాయి. చాలామంది అది తెలియక పాత సామాన్ల బండికి వేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కలో 2022 ఒక్క ఏడాదే ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది నాలుగో వంతు కూడా లేదు, 22.3 శాతం. మిగిలినదాంట్లో కొంత ఎక్కడో ఎవరో మంట పెట్టి రాగి తీసుకునే చోటికి పోయి ఉంటుంది, ఆ పొగ పీల్చేది కూడా మనలాంటి ఊళ్ళ పిల్లలే.

మా మామకు లాప్‌టాప్ అక్కర్లేదు, ఆయనకు కళ్ళు కూడా సరిగా కనబడటం లేదు. అయినా ప్రతి జాతరకూ కుర్చీ వసారాలోకి వేయించుకుంటాడు. మూత ఊడిన చప్పుడు కాగానే “ఈసారి ఎంత దూది?” అని అడుగుతాడు. ఎమ్మిగనూరు లాప్‌టాప్‌లలో ఆదోని అంత ఉండదు. ఉన్నదాన్ని ఆయన అరచేతిలో వేస్తే వేళ్ళ మధ్య నలిపి, పత్తి నూగో, నూలు పొట్టో చెప్పేస్తాడు.

చదివేవాళ్ళకు నాదొక విన్నపం. పత్తి సీజను అయిపోగానే, ఎండలు ముదరకముందే, మీ లాప్‌టాప్‌ను ఒకసారి విప్పించండి. మీరు విప్పితే మరీ మంచిది. అంగట్లో ఇస్తే వదిలేసి రాకండి, స్టూలు అడిగి కూర్చోండి, మీ ఎదురుగానే మూత తీయమనండి. ఫ్యాను తుడవమనండి, ప్రాసెసర్ మీద సుద్దలా ఎండిపోయిన, వేడిని రాగి పలకకు చేర్చే పాత పేస్టు గీకి కొత్తది పెసరగింజంత పెట్టమనండి. మార్చిన ప్రతి ముక్కా తిరిగి మీ చేతికి ఇవ్వమనండి. మంచి మెకానిక్ దీనికి కోప్పడడు. కోప్పడితే పక్క అంగడికి పోండి.